రైతులు గాలి తుపాకిని ఎన్నుకొను విధము

జొన్న పాలుపోసుకొను కాలమున పిట్టలును, వేరుసెనగ ఊడలు దిగు కాలమున అడవిపందులును, మామిడి పిందెపడిన నాటినుండి కోతులును రైతును నిద్రపోనీయవు. మంచెమీద కూర్చుండి వడిసెల త్రిప్పు మనుష్యుడు దొరకుట కష్టమైనది. దొరకినను వానికి కూలి యిచ్చుకొనుట అంతకంటె కష్టము. ఇట్టి స్థితిలో పట్టణమునకు పోయిన రైతు అంగడి అద్దములవెనుక నిలిపియుంచిన గాలి తుపాకిని చూచి, ఇది యొకటి ఇంట నున్న చాలునని తలచుట సహజము. అంగడివాడు సాధారణముగా రెండు మాటలు చెప్పును: ఇది మిక్కిలి బలమైనది, దీనికి లైసెన్సు అక్కరలేదు. ఈ రెండు మాటలును ఒకే తుపాకి విషయమున ఒకేసారి నిజమగుట అరుదు.

గాలి తుపాకిని కొనువారు రెండు ప్రయోజనములను కలగలిపి తలంతురు. ఒకటి వేట, లేక పంటను చెరచు జంతువులను కొట్టుట. రెండవది గురిచూచి కాల్చు అభ్యాసము. మొదటి దానికి మిక్కుటమైన బలము కావలెననియు, అట్టి బలము గల తుపాకి రెండవ దానికిని తప్పక పనికివచ్చుననియు వారి ఊహ. వాస్తవమందు బలము హెచ్చినకొలది గురి తప్పుట కూడ హెచ్చును, వ్యయము హెచ్చును, చట్టపు చిక్కు హెచ్చును. కావున కొనదలచిన రైతు సొమ్ము తీయుటకు పూర్వము ఈ దిగువ విషయములను తెలిసికొనుట అవసరము.

చట్టము విధించిన హద్దు

భారతదేశమున ఆయుధముల చట్టము 1959వ సంవత్సరమున ఏర్పడినది. దానిక్రింద 2016లో వెలువడిన నియమములు గాలి తుపాకులకు రెండు కొలతలను నిర్ణయించినవి. గొట్టపు రంధ్రముయొక్క వ్యాసము 4.5 మిల్లీమీటర్లు, అనగా అంగుళములో 0.177 వంతు, మించరాదు. గుండు గొట్టమును విడుచునప్పటి శక్తి 20 జౌళ్లు మించరాదు. ఈ రెండు హద్దులకును లోబడిన తుపాకికి లైసెన్సు అక్కరలేదు. వీనిలో ఏ యొక్కటి మించినను లైసెన్సు లేనిదే దానిని ఉంచుకొనుట నేరము.

ఇందు అనేకులు పొరపడుదురు. 5.5 మిల్లీమీటర్ల రంధ్రము గల తుపాకి, దీనినే అంగడులలో పాయింట్ టూటూ అందురు, ఎంత బలహీనమైనదైనను లైసెన్సునకు లోబడినదే. గాలితో పేలునది గదా, మందుగుండు లేదు గదా అను వాదము న్యాయస్థానమున చెల్లదు. అట్లే హద్దునకు లోబడిన తుపాకిని కొని, పిమ్మట మిస్త్రీచేత గట్టి స్ప్రింగు వేయించి బలము పెంచినవాడు ఆ దినమునుండి లైసెన్సు లేని ఆయుధమును ఉంచుకొన్నవాడగును. మిస్త్రీకి వంద రూపాయలు మిగులును. రైతునకు కచేరి త్రోవ మిగులును.

తుపాకి ఉండుట వేరు, దానితో ప్రాణిని కొట్టుట వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. ఆ చట్టములో వేట యను పదమునకు చంపుట మాత్రమే అర్థము కాదు. గాయపరచుట, పట్టుట, ఉచ్చు వేయుట, విషము పెట్టుట, వీనిలో దేనికైనను ప్రయత్నించుట సైతము వేటయే. 2022లో ఈ చట్టము సవరింపబడి రక్షిత ప్రాణుల పట్టికలు తిరిగి వ్రాయబడినవి. నెమలి, కృష్ణజింక మొదటి పట్టికలో నున్నవి. వానిని కొట్టినవానికి 3 మొదలు 7 సంవత్సరముల వరకు ఖైదు విధింపవచ్చును. అడవిపంది, దుప్పి రెండవ పట్టికలోనివి. కుందేలు, కౌజు, రామచిలుక మొదలగు వానిని కూరకనియో వేడుకకనియో కొట్టవచ్చునని తలచువారు పల్లెలలో నేటికిని కలరు. అది తప్పు.

పంట చేలకు నష్టము కలిగించు రెండవ పట్టికలోని జంతువుల విషయమున మాత్రము చట్టము ఒక ద్వారము తెరచి యుంచినది. రాష్ట్రపు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికార మిచ్చిన యుద్యోగి గాని, కారణములను వ్రాసి, లిఖితపూర్వకమైన ఉత్తరువు ద్వారా అట్టి జంతువును కొట్టుటకు అనుమతి నీయవచ్చును. ఈ యుత్తరువు లేనిదే రైతు తన సొంత చేనిలోనైనను తుపాకి ఎత్తరాదు. ఉత్తరువు వచ్చినప్పుడు కూడ గాలి తుపాకి అందుకు తగిన సాధనము కాదు. ఏల కాదో దిగువ లెక్కవలన తెలియును.

బలమనగా నేమి

గుండుయొక్క బరువును, దాని వేగమును బట్టి శక్తి ఏర్పడును. వేగమును అదే వేగముతో హెచ్చించి, దానిని బరువుతో హెచ్చించి, సగము చేసిన నెడల శక్తి వచ్చును. బరువు కిలోలలోను, వేగము సెకనుకు మీటర్లలోను తీసికొనిన ఫలము జౌళ్లలో నుండును. అర గ్రాము బరువు గల గుండు సెకనుకు 200 మీటర్ల వేగముతో వెడలినప్పుడు దాని శక్తి 10 జౌళ్లు. అదే గుండు 280 మీటర్ల వేగముతో వెడలిన 19.6 జౌళ్లు, 300 మీటర్లైన 22.5 జౌళ్లు. అనగా వేగము ఒకటిన్నర రెట్లు పెరిగినచో శక్తి రెండుంబావు రెట్లు పెరుగును. 280 నుండి 300కు పోయిన ఆ కొద్దిపాటి తేడాలోనే చట్టపు హద్దు దాటిపోయినది.

ఇప్పుడు ప్రకటనలలోని మాటను పరీక్షింపవచ్చును. సెకనుకు 1200 అడుగులు అని పెట్టెమీద అచ్చొత్తిన తుపాకులు కలవు. 1200 అడుగులనగా సుమారు 366 మీటర్లు. అర గ్రాము సీసపు గుండు నిజముగా ఆ వేగముతో వెడలినచో శక్తి 33 జౌళ్లు దాటును. దానికి లైసెన్సు కావలెను. లైసెన్సు అక్కరలేదన్న మాట నిజమైనచో ఆ వేగము 0.3 గ్రాములకు మించని తేలికపాటి లోహపు గుండుతో సాధించినదై యుండవలెను. అట్టి గుండు కొంతదూరము పోవునప్పటికే గాలికి వేగము కోల్పోయి వంకరపోవును. అంతేకాక గాలిలో శబ్దము పోవు వేగము సెకనుకు సుమారు 340 మీటర్లు. నడుము సన్నగిలిన ఆకారము గల సాధారణపు గుండు ఆ వేగమును సమీపించినప్పుడు నిలకడ తప్పి ఊగును. కావుననే అనుభవజ్ఞులు సెకనుకు 280 మీటర్లకు లోపు వేగమునే కోరుదురు. పెట్టెమీది పెద్ద సంఖ్య చూచి కొనువాడు గురిని అమ్మి శబ్దమును కొన్నవాడగును.

వేటకు ఇది ఎంతవరకు పనికివచ్చును

20 జౌళ్లనగా ఎంత? ఒక కిలో బరువును నేలనుండి రెండు మీటర్ల యెత్తునకు లేపుటకు పట్టు శ్రమ సుమారు అంతయే. మందుతో పేలు తుపాకులలో అన్నిటికంటె చిన్నదగు పాయింట్ టూటూ రైఫిలు తూటా శక్తి సుమారు 140 మొదలు 190 జౌళ్లు. పన్నెండు బోరు తుపాకి శక్తి రెండువేల జౌళ్లకు పైబడి యుండును. ఎదిగిన అడవిపంది అరువది కిలోలకు తక్కువ తూగదు; దాని చర్మము మందము, మెడమీద కొవ్వు మందము, పుర్రె గట్టి. లైసెన్సు అక్కరలేని గాలి తుపాకితో దానిని కొట్టిన నెడల గుండు చర్మముక్రింద చిక్కుకొని పుండగును. పంది చావదు, పొద చేరును. మరునాడు కూలివారు ఆ పొదచెంత కలుపు తీయుటకు పోవుదురు. గాయపడిన పంది మనుష్యుని మీదికి వచ్చునని రైతుకు చెప్పనక్కరలేదు.

గాలి తుపాకితో వేట చట్టసమ్మతమైన దేశములు కొన్ని కలవు. అచ్చటి రీతిని చూచిన ఈ విషయము ఇంకను స్పష్టమగును. ఇంగ్లాండులో 12 అడుగు-పౌనులు, అనగా 16 జౌళ్లకు కొంచెము పైగా, లైసెన్సు లేక ఉంచుకొనదగిన గాలి రైఫిలునకు హద్దు. ఆ రైఫిలుతో అచ్చటి రైతులు కుందేళ్లను కొట్టుదురు. పంటకు నష్టము చేయు అడవి పావురములను సర్కారు ప్రకటించు షరతులకు లోబడి కొట్టుదురు. అట్లు కొట్టునది ముప్పది నలువది గజముల లోపలనే. కొట్టు స్థానము తల మాత్రమే; ఆ స్థానపు వెడల్పు సుమారు 25 మిల్లీమీటర్లు, అనగా రూపాయి బిళ్లంత. కాగితముమీద ప్రతి గుండును ఆ బిళ్లలోనే పెట్టగలిగిన దూరమెంతో అంత దూరము వరకే ప్రాణిపై కాల్చవలెననునది అచ్చటి వేటగాండ్ర కట్టుబాటు. కిలోన్నర తూగు కుందేలు విషయముననే ఇంత నియమ మున్నప్పుడు పంది మాట వేరుగ చెప్పనేల!

అమెరికాలో అంగుళపు మూడవ వంతు, సగము వంతు వ్యాసము గల పెద్ద గాలి రైఫిళ్లు వందలకొలది జౌళ్ల శక్తితో పనిచేయుచున్నవి. కొన్ని రాష్ట్రములలో జింకవేటకు సైతము అనుమతి కలదు. ఇవి క్రొత్త వింతలు కావు. 18వ శతాబ్దపు చివర ఆస్ట్రియా సైన్యమున గిరాండోని నిర్మించిన గాలి రైఫిళ్లు ఉండెడివి. భుజమునకు ఆనించు భాగమే గాలి నింపు సీసా. ఒకసారి గుండ్లు నింపిన ఇరువది వరకు వరుసగా కాల్చవచ్చును. బలము చాలును గాని ఆ సీసా నింపుటకు వందలకొలది పంపు దెబ్బలు వేయవలసి వచ్చెడిది. నేటి పెద్ద రైఫిళ్లు మన దేశమున లైసెన్సు గల ఆయుధములే కావున సామాన్య రైతునకు వాని ప్రసక్తి లేదు.

ఇక పిట్టల సంగతి. గుండుతో ఒక పిట్టను కొట్టినంతనే మంద యావత్తు లేచిపోవును. గడియ తాళి తిరిగి వ్రాలును. డప్పు చప్పుడునకును అదియే ఫలము, అందు నేరము లేదు. పైగా తుపాకికి చిక్కునది తరచుగా పాలపిట్ట, కొంగ, గుడ్లగూబ వంటి పురుగులను, ఎలుకలను తిను పక్షియే. ఏలయన అవి నిదానముగా కూర్చుండును, కంకి నొల్చు పిట్టలు కూర్చుండవు. కంకి గట్టిపడు పదునైదు ఇరువది దినములు మెరయు రిబ్బను పట్టీలు కట్టుట, మంచె కాపలా, తోటకు వల, వేరుసెనగచుట్టు ముండ్లు గల కుసుమ వరుసలు, సౌరశక్తితో పనిచేయు కంచె: వీనిపై పెట్టిన వ్యయము తుపాకిపై పెట్టిన వ్యయముకంటె మేలు చేయును. కరెంటు తీగను నేరుగా కంచెకు తగిలించుట మాత్రము ఎన్నడును కూడదు; దానివలన చచ్చినవారిలో పందులతోపాటు మనుష్యులును కలరు.

తుపాకులలో భేదములు

ఇట్లు వేట ప్రసక్తి పోయిన పిదప మిగులునది గురి అభ్యాసము. దానికి ఏ రకపు తుపాకి తగునో చూడవలెను.

అంగడిలో ఎక్కువగా దొరకునది స్ప్రింగు తుపాకి. గొట్టమును మధ్యకు విరిచి క్రిందికి వంచిన లోపలి స్ప్రింగు ముడుచుకొనును. ట్రిగ్గరు మీట నొక్కగానే స్ప్రింగు పిస్టనును ముందుకు తోయును; పిస్టను ముందున్న గాలి ఒక్కసారిగా అదిమివేయబడి గుండును గెంటివేయును. దీనికి బయటి సాధన మేదియు అక్కరలేదు. సరిగా చూచుకొనిన ముప్పది నలువది సంవత్సరములు పనిచేయును. జర్మనీదేశపు రాస్టాట్ పట్టణమున 1890లో స్థాపింపబడిన డయానా సంస్థవారి పాత స్ప్రింగు తుపాకులు నేటికిని తాతలనాటి ఇండ్లలో పేలుచుండుట కలదు.

అయితే స్ప్రింగు తుపాకికి ఒక స్వభావ మున్నది. గుండు గొట్టమును విడుచుటకు పూర్వమే పిస్టను కదలిక వలన తుపాకి ఒకసారి వెనుకకును, ఒకసారి ముందుకును అదరును. స్ప్రింగు ఎంత గట్టిదో అదురు అంత అధికము. దానిని బిగబట్టి ఆపజూచినవాని గుండు ఒక్కొక్కసారి ఒక్కొక్కచోట పడును. అరచేతిపై సడలించి ఆనించి, అదరనిచ్చి, ప్రతిసారి ఒకే తీరున పట్టుకొనిన వాని గుండ్లు ఒకచోట పడును. ఇది నేర్చుటకు నెలలు పట్టును. మిక్కిలి బలమైన స్ప్రింగు తుపాకిని మొదటనే కొన్నవాడు ఈ పాఠము నేర్వలేక, తుపాకిని నిందించి అటక ఎక్కించుట కద్దు. అంతేకాక అట్టి తుపాకిని విరుచుటకు పదునాలుగేండ్ల బాలునికి బలము చాలదు. యువకునికైనను నలువది గుండ్లు కాల్చునప్పటికి చేయి వణకును. వణకు చేతికి గురి యెక్కడిది? కనుక స్ప్రింగు తుపాకులలో 10 మొదలు 14 జౌళ్ల మధ్య నున్నది అభ్యాసమునకు ఉత్తమము. స్ప్రింగునకు బదులు మూసిన గొట్టములో వాయువును బిగించిన రకము కూడ కలదు. ఇది విరిచి యుంచినను అలసిపోదు, అదురు కొంత తక్కువ. పాడైనప్పుడు మాత్రము పల్లె మిస్త్రీకి కొరుకుడుపడదు.

రెండవది ముందుగనే గాలి నింపి యుంచు తుపాకి; వాడుకలో పి.సి.పి. అందురు. గొట్టముక్రింద నుండు సిలిండరులో సుమారు 200 బార్ల ఒత్తిడితో గాలి నింపుదురు. మోటారుకారు చక్రములో నుండు ఒత్తిడి రెండు బార్లకు కొంచెము పైన. అనగా ఇది దానికి దాదాపు నూరురెట్లు. మీట నొక్కినప్పుడు అందులోనుండి కొద్దిపాటి గాలి విడుదలయై గుండును తోయును. అదురు దాదాపు లేదు. కావున గురి నేర్చుట సులభము, ఫలము ఉత్తమము. కాని తుపాకి ధరకు తోడు పంపు ధర, సీలులు మార్చు వ్యయము కలవు. టైర్ల అంగడిలోని కంప్రెసరు దీనికి పనికిరాదు; అది పది బార్లు దాటుట అరుదు. ప్రత్యేకమైన చేతిపంపుతో గాని, పరీక్షించిన పెద్ద సిలిండరునుండి గాని నింపవలెను. వెల్డింగు అంగడిలోని ఆక్సిజను సిలిండరునుండి నింపుట ప్రాణాంతకము: లోపలి నూనె జిడ్డుతో కలిసిన ఆక్సిజను పేలి తుపాకిని, మనుష్యుని చీల్చివేయును. గాలిలోని తేమ లోపల చేరిన సిలిండరు లోలోపల త్రుప్పుపట్టును. వానాకాలమున పంపు చేయువారు ఈ సంగతి మరువరాదు.

బొగ్గుపులుసు వాయువు గుళికలతో పనిచేయునవి చవుక. ఎండ హెచ్చిన ఒత్తిడి హెచ్చును, చలిలో తగ్గును. ఉదయమున ఒకచోట పడిన గుండు మధ్యాహ్నము వేరొకచోట పడును. గురి నేర్వదలచినవారు వీనిని విడిచిపెట్టుట మంచిది.

గురిపందెములు

బలము తక్కువైన తుపాకితో పేరు రాదనువారు ఒక సంగతి నెరుగవలెను. 2008వ సంవత్సరము ఆగస్టులో బీజింగు ఒలింపిక్ పందెములలో అభినవ్ బింద్రా భారతదేశమునకు మొట్టమొదటి వ్యక్తిగత స్వర్ణపతకమును తెచ్చినది పది మీటర్ల గాలి రైఫిలు పందెముననే. 2012లో లండనులో అదే పందెమున కంచుపతకము గెలిచిన గగన్ నారంగ్ హైదరాబాదున పెరిగినవాడు. ఆ పందెమున వాడు రైఫిలు రంధ్రము 4.5 మిల్లీమీటర్లు, శక్తి ఎనిమిది జౌళ్లకు అటునిటు. జర్మనీలో లైసెన్సు అక్కరలేని తుపాకులకు విధించిన 7.5 జౌళ్ల హద్దులోనే అచ్చటి ప్రసిద్ధ కార్ఖానాలు ప్రపంచమున నెల్ల సూక్ష్మమైన గురి రైఫిళ్లను తయారుచేయుచున్నవి. గురిపలక నడిమి చుక్క, పది గుణములు దెచ్చునది, వ్యాసము కేవలము అర మిల్లీమీటరు, ఆవగింజకంటె చిన్నది. దానిని పది మీటర్ల దూరమునుండి, నిలువబడి, అరువది సార్లు కొట్టవలెను. రైఫిలు బరువు 5.5 కిలోలు మించరాదు.

ఇట్లు లోకములోని మేటి గురికాండ్రు వాడు తుపాకి శక్తి మన చట్టపు హద్దులో సగమునకు లోబడి యున్నది. రైతుబిడ్డకు గురియందు ఆసక్తి యుండిన, ఇంటివద్ద పది మీటర్ల చోటు చాలును. జాతీయ నియమములతో నడుచు రైఫిలు సంఘములు రాష్ట్రములలో కలవు. అచ్చటి శిక్షకుడు చూచి చెప్పిన పిదపనే ఖరీదైన పందెపు రైఫిలు కొనుట యుక్తము. అంతవరకు సాధారణపు స్ప్రింగు తుపాకితో కుదురుగా నిలుచుట, ఊపిరి నిలుపుట, మీటను కుదుపు లేక ఒత్తుట నేర్చుకొనవచ్చును. ఈ మూడును వచ్చినవానికి ఏ రైఫిలైనను వచ్చును.

అంగడిలో పరీక్ష

తుపాకిని చూచి కొనరాదు, కాల్చి కొనవలెను. కాల్చనీయని అంగడిని వదలి మరియొక అంగడికి పోవుట మేలు. ఇసుక నింపిన గోనెసంచిపై ముందుభాగమునకు క్రింద ఎడమచేతిని ఆనించి, పది మీటర్లలో తెల్లకాగితముపై చుక్క పెట్టి, చుక్కనే చూచుచు ఐదు గుండ్లు కాల్చవలెను. గుండ్లు చుక్కకు తగులలేదని చింతింపనక్కరలేదు. గురి మరలను త్రిప్పి దానిని సరిచేయవచ్చును. ఐదు రంధ్రములును ఒకదానికొకటి ఎంత చేరువగా నున్నవో అదియే చూడవలసినది. ఐదును బొటనవ్రేలి గోరుక్రింద కప్పబడిన తుపాకి మంచిది. చేతి వెడల్పంత చెదరినచో, మరియొక రకపు గుండ్లతో మరల చూడవలెను. అప్పటికిని చెదరిన ఆ తుపాకి ఎంత బలమైనదైనను వలదు.

మీట నొక్కుటలో గరగర, ఉన్నట్టుండి తెగుట ఉండరాదు. విరుగు చోట గొట్టమును పట్టి ఊపిన కదలరాదు. గొట్టము లోపల మెలితిరిగిన గాడులు వెలుతురున స్పష్టముగా కనబడవలెను. భుజమునకు ఆనించినప్పుడు కన్ను తనంతట గురితో కలియవలెను. మెడ సాచవలసి వచ్చినచో ఆ కొలత ఆ మనుష్యునికి తగదు. దుర్భిణి లేకుండ లోహపు గురులతో మొదట నేర్చుట మేలు. స్ప్రింగు తుపాకికి దుర్భిణి బిగింపదలచిన, ఇరువైపుల అదురునకు తాళునట్లు చేసినదియే కావలెను. వేరొకటి కొలది దినములలో లోపల విరిగిపోవును. రశీదుపై తుపాకి పేరు, సంఖ్య, రంధ్రపు వ్యాసము, జౌళ్లలో శక్తి వ్రాయించుకొనుట తప్పనిసరి. జౌళ్లు వ్రాయుటకు వెనుదీయు అంగడివాడు చెప్పిన బలమును నమ్మరాదు.

గుండ్లు

పెల్లెట్టు అను సీసపు గుండు నడుమ సన్నముగను, వెనుక డొల్లగను ఉండును. గాలి తోపునకు ఆ డొల్ల విచ్చుకొని గాడులలో ఇమిడి తిరుగుచు పోవును. చదునైన తల గలది కాగితములో గుండ్రని రంధ్రము కోయును కావున పది మీటర్ల అభ్యాసమునకు అదియే తగినది. గుండ్రని తల గలది దూరమున నిలకడగా పోవును. మొన గలది చూచుటకు వాడియే గాని మొన వంకర యున్నచో గురి చెడును. ఏ తుపాకికి ఏ గుండు సరిపడునో ముందుగ చెప్పుట ఎవరి తరమును కాదు. నాలుగైదు రకములు తెచ్చి ఐదేసి కాల్చి చూచి, కుదిరినదానిని పట్టుకొని యుండవలెను. దూరము పెరిగినకొలది గుండు క్రిందికి దిగును: సెకనుకు 250 మీటర్ల వేగముతో బయలుదేరిన గుండు పది మీటర్లలో ఒక సెంటీమీటరుకు లోపుగ దిగిన, ఏబది మీటర్లలో గొట్టపు సరళరేఖకు సుమారు ఒక అడుగు దిగువకు పోవును. ప్రక్కగాలి వేరు. దూరపు గురి అంగడిలో చెప్పినంత సుళువు కాకపోవుటకు ఇదియే హేతువు.

సీసము విషము. బాలురు గుండ్లను నోట నుంచుకొని ఒక్కొక్కటి తీసి వేయు అలవాటును కఠినముగా మాన్పవలెను. కాల్చిన పిదప చేతులు కడుగనిదే అన్నము ముట్టరాదు. గడ్డివామి, పశువుల కొట్టము, కుడితితొట్టి ఉన్న దిక్కునకు కాల్చరాదు. మేతతో సీసము తిన్న పశువునకు ప్రాణాపాయము.

గురిస్థలము, జాగ్రత్తలు

గాలి తుపాకి ఆటవస్తువు కాదు. పది జౌళ్ల గుండు దగ్గరగా తగిలిన చర్మమును చీల్చును. కంటికి తగిలిన కన్ను పోవును. పైకి ఎత్తి కాల్చిన గుండు వందలకొలది గజములు పోయి పడును. అందుచేత చెట్టుకొమ్మపై, ఆకాశమువైపు, కరెంటు స్తంభముపై పింగాణి గిన్నెలవైపు కాల్చరాదు. పత్తి చేను, కంది చేను మనుష్యుని దాచును. పైరు నిలిచియున్న దిక్కు పనికిరాదు. రాయి, నీరు, గట్టి కొయ్య గుండును త్రిప్పికొట్టును.

బావిగట్టు తీసిన మెత్తని మన్నును మనిషి యెత్తు గట్టుగా పోసి, రాళ్లు ఏరి, దాని ముందు పలక నిలుపవలెను. గట్టు వెనుక త్రోవ ఉండరాదు. కాల్చువాడు తప్ప తక్కినవారందరు వాని వెనుక నుండవలెను. గుండు వేసిన తుపాకి ముక్కు గట్టునకు తప్ప మరెచటికిని తిరుగరాదు. కాల్చు క్షణము వరకు వ్రేలు మీటపై పెట్టరాదు. ఎదుట కాల్చువాడును, పలక మార్చువాడును కంటికి అద్దములు ధరించుట మంచిది. పెద్దవారు దగ్గర లేనిదే బాలురకు తుపాకి ఈయరాదు.

స్ప్రింగు తుపాకిని గుండు లేకుండ పేల్చరాదు. ఎదుట ఒత్తిడి లేక పిస్టను గోడకు గుద్దుకొని వాషరు, స్ప్రింగు రెండును చెడును. గొట్టము విరిచియున్నప్పుడు మీట నొక్కిన గొట్టము ఎగిరి వ్రేళ్లను నలుపును. రాత్రియంతయు స్ప్రింగు ముడిచి యుంచిన దాని సత్తువ తగ్గును. పాత తుపాకులలో తోలువాషరు ఉండును. దానికి నెలకు రెండు చుక్కల తగిన నూనె చాలును. క్రొత్తవానికి కృత్రిమపు వాషరు కావున గాలిగదిలో నూనె పోయరాదు. కిరసనాయిలు, కొబ్బరినూనె పోసిన గదిలో ఆ నూనె వేడికి అంటుకొని పెద్ద శబ్దముతో పేలును. బలము పెరిగినదని సంతోషించువాడు వాషరు కాలిపోవుచున్నదని ఎరుగడు. వానాకాలమున గొట్టము పైభాగమును పలుచగా నూనెగుడ్డతో తుడిచి, తడి తగులని చోట, బీగము వేసిన పెట్టెలో నుంచి, గుండ్లను వేరొకచోట దాచవలెను. రశీదు పెట్టె మూతకు లోపల అంటించి యుంచినచో అధికారులు అడిగిన తరుణమున వెదకుకొను పని యుండదు.